‘ది డెట్’ సినిమాలో అసలు దొంగని వదిలేశారు!

నమస్తే అండీ అందరికీ. సోది లేకుండా సూటిగా మాట్లాడుకుందాం. ఇజ్రాయెల్ గూఢచారుల మీద హాలీవుడ్ వాళ్ళు తీసిన ‘ది డెట్’ సినిమాలో, ఆ అబద్ధానికి బాధ్యులు ఆ ముగ్గురు ఏజెంట్లు కాదు. అవును, సరిగ్గానే విన్నారు. రేచెల్ కాదు, డేవిడ్ కాదు, అందరూ కలిసి దుమ్మెత్తిపోస్తున్న ఆ స్టీఫన్ కూడా కాదు. ఆ అబద్ధం చెప్పించింది వాళ్ళ ఆఫీసు, అంటే ఇజ్రాయెల్ గూఢచార సంస్థ మొస్సాద్. టెల్ అవీవ్‌లో కుర్చీల్లో కూర్చుని, పాతికేళ్ళ పిల్లల్ని తూర్పు బెర్లిన్‌కి పంపి, తిరిగొచ్చాక దండలేసిన ఆ ఆఫీసు. సినిమా మొత్తంలో ఆ ఆఫీసుని నిలబెట్టి అడిగినవాడు లేడు. నాకు ఒళ్ళు మండింది అక్కడే.

ఇంకా చూడనివాళ్ళు ఉంటే వీడియో ఆపేసి, సినిమా చూసి రండి. తర్వాత కామెంట్లలో నన్ను తిట్టొద్దు. కథ మొత్తం విప్పేస్తున్నాను.

చూసినవాళ్ళకి గుర్తు చేయడానికి నాలుగు ముక్కల్లో చెబుతాను. 1965లో ముగ్గురు మొస్సాద్ ఏజెంట్లు తూర్పు బెర్లిన్‌లో దిగుతారు. నాజీల ఆష్విట్జ్-బిర్కెనౌ క్యాంపులో మనుషుల మీద ప్రయోగాలు చేసిన డాక్టర్ వోగెల్ అక్కడ వేరే పేరుతో ఆడవాళ్ళకి వైద్యం చేస్తుంటాడు. రేచెల్ పిల్లలు పుట్టడం లేదని పేషెంటుగా వెళ్ళి, పరీక్ష చేసే బల్ల మీదే వాణ్ణి కాళ్ళతో బిగించి మత్తు సూది పొడుస్తుంది. రైల్వే స్టేషన్‌లో ప్లాన్ బెడిసికొడుతుంది. వాణ్ణి ఒక ఫ్లాట్‌లో కట్టేసి, తిండి పెడుతూ ఎదురుచూస్తారు. కొత్త సంవత్సరం రాత్రి వాడు రేచెల్ మొహం చీల్చి పారిపోతాడు. పారిపోతుంటే కాల్చి చంపేశామని చెబుదాం అంటాడు స్టీఫన్. ముగ్గురూ ఒప్పుకుంటారు, ఇంటికెళ్ళి హీరోలైపోతారు. 1997లో రేచెల్ కూతురు ఆ వీరగాథని పుస్తకంగా వేస్తుంది. డేవిడ్ లారీ కింద పడి చచ్చిపోతాడు. వోగెల్ నేనే అంటూ ఉక్రెయిన్‌లో ఒక ముసలాడు తేలతాడు. మిగతాది మీకు తెలుసు.

ఇప్పుడు జరుగుతున్న గొడవ ఏమిటి? ఒక బ్యాచ్ ఏమంటోందంటే, స్టీఫన్ పదవి కోసం అబద్ధం చెప్పించాడు, వాడే విలన్. ఇంకో బ్యాచ్ ఏమంటోందంటే, ముప్పై ఏళ్ళు మోసిన రహస్యాన్ని చివర్లో చీటీ రాసి బయటపెట్టడం రేచెల్ చేసిన ద్రోహం, దేశం పరువు తీసింది. రెండు బ్యాచ్‌లకీ నా నమస్కారం. మీరిద్దరూ కొట్టుకుంటుంటే అసలు దొంగ వెనక తలుపులోంచి జారుకున్నాడు.

ఒక్క ప్రశ్న అడుగుతాను. ముగ్గురు ఏజెంట్లు తిరిగొచ్చి “చంపేశాం సార్” అన్నారు. శవం ఏదని అడగడా ఎవడూ? ఫోటో ఏది? సాక్షి ఎవరు? మన ఊళ్ళో గొర్రె పోయిందని ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెడితే చెవి పోగు తీసుకురా, పంచనామా తీసుకురా, ఫోటో తీసుకురా అని చెప్పులరిగేలా తిప్పుతారు. ప్రపంచంలోనే గట్టి గూఢచార సంస్థ అని పేరున్నవాళ్ళు, ఒక నాజీ డాక్టర్ చచ్చాడని ముగ్గురు పిల్లలు చెబితే సరే అని ఫైలు కట్టేశారా? నమ్మారంటే నమ్మాలనుకున్నారు కాబట్టి నమ్మారు. అడిగితే ఏం బయటపడుతుందో భయపడి అడగలేదు. ఇది నా థియరీ. వీడియో అయ్యేలోపు మీ చేత కూడా అనిపిస్తాను.

సినిమా వదిలేయండి, చరిత్రకి రండి. ఈ కథకి మూలమంతా 1960లో ఉంది. అడాల్ఫ్ ఐక్‌మన్ పేరు వినే ఉంటారు. లక్షల మంది యూదుల్ని రైళ్ళెక్కించి క్యాంపులకి తోలిన పెద్దమనిషి. రికార్డో క్లెమెంట్ అనే పేరుతో బ్వెనస్ ఐరిస్ శివార్లలో ఉండేవాడు. వాణ్ణి మొదట కనిపెట్టింది ఏ జేమ్స్ బాండో అనుకుంటున్నారా? లోథార్ హెర్మన్ అని చూపు దాదాపు పోయిన ఒక ముసలాయన. ఆయన కూతురు సిల్వియాతో ఐక్‌మన్ కొడుకు తిరుగుతుండేవాడు. ఇంట్లో కూర్చుని యూదుల మీద కారుకూతలు కూసేవాడు ఆ కుర్రాడు. పెద్దాయనకి అనుమానం తగిలింది. జర్మనీలో ఫ్రిట్జ్ బావర్ అనే ప్రాసిక్యూటర్‌కి ఉత్తరం రాశాడు. ఆయన 1957లో ఇజ్రాయెల్‌కి చెప్పాడు.

ఆఫీసు ఏం చేసిందో తెలుసా? ఒకణ్ణి పంపి ఇల్లు చూసి రమ్మంది. వాడు చూసొచ్చి, అబ్బే, అంత పెద్ద నాజీ ఇంత బీద ఇంట్లో ఎందుకుంటాడు, అన్నాడు. అంతే, ఫైలు పక్కకి. నాజీ అంటే బంగ్లాలో ఉండాలి, కుక్కలుండాలి, పియానో వాయించాలి. సినిమాలు ఎక్కువ చూశారు పాపం. రెండేళ్ళ తర్వాత బావర్ స్వయంగా జెరూసలేం వెళ్ళి, ఇంకో ఆధారం కూడా చూపించి, అరిస్తే గానీ కదలిక రాలేదు. చూపు లేనివాడికి కనిపించింది, కళ్ళున్న ఆఫీసుకి కనిపించలేదు. నేనేదో డైలాగ్ కొట్టడం లేదు, జరిగిందే ఇది.

సరే, కదిలారు. రాఫీ ఈతాన్ నాయకత్వంలో టీమ్ వెళ్ళింది. 1960 మే 11 సాయంత్రం ఐక్‌మన్ ఉండే గారిబాల్డీ వీధి దగ్గర కాపు కాశారు. రోజూ వచ్చే బస్సులో మనిషి దిగలేదు. వెళ్ళిపోదామా అని టెన్షన్. ఆ తర్వాత వచ్చిన బస్సులో దిగాడు. పీటర్ మాల్కిన్ అనే ఏజెంట్ ఎదురెళ్ళి, స్పానిష్‌లో “ఒక్క నిమిషం సార్” అని మీద పడ్డాడు. చేతికి గ్లౌజులు వేసుకున్నాడు. ఆ నోటిని, ఆ చర్మాన్ని ఉత్త చేత్తో తాకడం ఇష్టం లేక. తర్వాత ఒక ఇంట్లో రోజుల తరబడి మంచానికి కట్టేసి ఉంచారు. తిండి పెట్టాలి, గడ్డం గీయాలి, బాత్రూమ్‌కి తీసుకెళ్ళాలి. మాట్లాడొద్దని ఆర్డరున్నా మాల్కిన్ వాడితో మాట్లాడాడు. రాత్రుళ్ళు కాపలా కాస్తూ టూరిస్ట్ గైడ్ పుస్తకం పేజీల మీద మేకప్ పెన్సిళ్ళతో వాడి బొమ్మలు గీశాడు. మే 20న మత్తిచ్చి, ఇజ్రాయెల్ ఎయిర్‌లైన్స్ ఎల్ ఆల్ విమానం సిబ్బంది యూనిఫామ్ తొడిగి, ఒంట్లో బాగోలేని ఉద్యోగి అని చెప్పి ఎక్కించేశారు.

‘ది డెట్’లో ఆ ఫ్లాట్ సీన్లు గుర్తు తెచ్చుకోండి. వోగెల్‌కి చెంచాతో తిండి పెట్టే సీన్లు. శత్రువు చేతులు కట్టేసి ఉన్నా నోరు ఖాళీగా ఉంది, ఆ నోటితోనే ముగ్గురినీ విడగొట్టేస్తాడు. మీ యూదులు ఎదురు తిరగకుండా ఎందుకు చచ్చారని ఎగతాళి చేసి డేవిడ్‌కి పిచ్చెక్కిస్తాడు. డేవిడ్ కోపంలో ప్లేటు పగలగొడతాడు, ఆ పెంకే వోగెల్‌కి కత్తి అవుతుంది. వోగెల్‌గా యెస్పర్ క్రిస్టెన్సెన్ నటన చూసి నాకు చెమటలు పట్టాయి. అరవడు, కళ్ళెర్ర చేయడు, పక్కింటి డాక్టరుగారిలా మాట్లాడతాడు. సినిమాకి ప్రాణం అదే. దానికి వందకి వంద.

కానీ అసలు కిటుకు విమానం ఎక్కించాక ఉంది. మే 23న ప్రధాని బెన్ గురియన్ పార్లమెంట్‌లో, ఐక్‌మన్ మా దగ్గరున్నాడు, అని ప్రకటించాడు. అర్జెంటీనాకి కోపం వచ్చింది. మా దేశంలోకొచ్చి మనిషిని ఎత్తుకుపోతారా అంది. అప్పుడు ఇజ్రాయెల్ ప్రభుత్వం అధికారికంగా ఏం రాసిచ్చిందో వినండి. పట్టుకున్నది మా ప్రభుత్వం కాదట, ఎవరో యూదు వాలంటీర్లట. పైగా ఐక్‌మన్ ఇష్టపడే వచ్చాడట, ఇదిగో వాడు సంతకం పెట్టిన కాగితం అట! మంచానికి కట్టేసినవాడి చేత సంతకం పెట్టించి, స్వచ్ఛందంగా వచ్చాడంటున్నారు. వ్యవహారం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి దాకా వెళ్ళింది, 1960 జూన్‌లో 138వ నంబర్ తీర్మానం చేశారు.

ఇప్పుడు చెప్పండి. సక్సెస్ అయిన మిషన్‌కే ఇంత అబద్ధం కావాల్సి వచ్చింది. దేశం సంతకంతో, ముద్రతో, ప్రపంచం ముందు. అదే దేశం ఐదేళ్ళ తర్వాత ఫెయిల్ అయిన మిషన్‌కి నిజం చెప్పమని ముగ్గురు కుర్రాళ్ళని అడుగుతుందా? స్టీఫన్‌కి ఆ ఐడియా ఎక్కడ నుంచి వచ్చింది? ఆఫీసులో నేర్చుకున్నాడు! ట్రైనింగ్ ఇచ్చింది వాళ్ళు, సిలబస్ వాళ్ళది, పరీక్షలో పిల్లాడు అదే రాస్తే ఫెయిల్ చేస్తారా?

మాల్కిన్‌నే చూడండి. ఐక్‌మన్‌ని చేత్తో పట్టినవాడు. ఎవరికీ చెప్పకూడదు. తల్లి చావుబతుకుల్లో ఉన్నప్పుడు ఆమె చెవిలో చెప్పానని తర్వాత రాసుకున్నాడు. ఆ తల్లి కూతురు, అంటే ఈయన అక్క ఫ్రూమా, పిల్లలతో సహా నాజీల చేతుల్లో పోయింది. సొంత పుస్తకం వచ్చేసరికి 1990 అయింది. అంటే నిజంగా గెలిచినవాడు ముప్పై ఏళ్ళు నోరు కుట్టుకున్నాడు. సినిమాలో ఓడినవాళ్ళు ముప్పై ఏళ్ళు గెలిచామని చెప్పుకున్నారు. రెండు చోట్లా నోటికి తాళం వేసింది ఒకళ్ళే. ఎవరు? ఆఫీసు!

కొందరు తమ్ముళ్ళు అంటారు, అన్నా, ఇది కల్పిత కథ, ఎందుకంత సీరియస్ అని. కల్పితమే. కానీ కల్పనకి ఏం ఎంచుకున్నారో చూడండి. 1965, తూర్పు జర్మనీ, ఆష్విట్జ్ డాక్టర్. ఇప్పుడు నేను చెప్పేది చాలామందికి తెలియదు. నిజంగానే 1965లో తూర్పు జర్మనీలో ఒక ఆష్విట్జ్ డాక్టర్ దొరికాడు! పేరు హార్స్ట్ ఫిషర్. నాజీల ఎస్ఎస్ దళంలో డాక్టర్, గ్యాస్ చాంబర్‌కి ఎవరు వెళ్ళాలో ఏరినవాళ్ళలో ఒకడు. యుద్ధం అయ్యాక పేరు కూడా మార్చుకోలేదు, పల్లెటూరి డాక్టరుగా ప్రాక్టీస్ పెట్టుకుని ఇరవై ఏళ్ళు హాయిగా బతికాడు. పట్టుకున్నది మొస్సాద్ కాదు, తూర్పు జర్మనీ వాళ్ళే. విచారణ చేసి 1966 జూలైలో గిలెటిన్ కింద తల తీశారు. సినిమాలో కమ్యూనిస్టు జర్మనీ అంటే ఏం చూపించారు? తుపాకులు పట్టుకున్న గార్డులు, మంచు, బూడిద రంగు గోడలు. అదే ఏడాది అక్కడ ఇలాంటి కేసు నడుస్తోందని ఒక్క పేపర్ హెడ్‌లైన్ కూడా చూపించలేదు. చూపిస్తే, హీరోలు లేకుండా కూడా పని జరిగేదేమో అన్న డౌట్ ప్రేక్షకుడికి వస్తుంది కదా.

వోగెల్ అంటే ఆష్విట్జ్‌లో ఖైదీల మీద ప్రయోగాలు చేసిన నాజీ డాక్టర్ మెంగెలే అని అందరూ అంటారు. సగమే నిజం. వోగెల్ ఆడవాళ్ళ డాక్టర్. ఆష్విట్జ్‌లో ఆడవాళ్ళకి పిల్లలు పుట్టకుండా చేసే ఘోరమైన ప్రయోగాలు చేసినవాడు కార్ల్ క్లౌబర్గ్. వాడు యుద్ధానికి ముందు పేరున్న గైనకాలజిస్ట్. సోవియట్ జైల్లో ఉండి 1955లో విడుదలై పశ్చిమ జర్మనీకి వచ్చి, నేను సాధించింది చూడండి అని గొప్పలు చెప్పుకున్నాడు! మళ్ళీ అరెస్ట్ చేస్తే, విచారణ మొదలయ్యేలోపే 1957లో చచ్చాడు. రేచెల్ ఆ పరీక్ష బల్ల ఎక్కే సీన్ ఎందుకంత భయంకరంగా ఉంటుందో ఇది తెలిస్తే అర్థమవుతుంది. పిల్లల కోసం వచ్చానని అబద్ధం చెబుతూ, పిల్లలు పుట్టకుండా చేసినవాడి చేతుల్లో పడుకోవాలి. కుర్ర రేచెల్‌గా జెస్సికా చాస్టేన్ ఆ సీన్‌లో పైకప్పు వైపు చూసే చూపు ఉందే, అబ్బా. డైరెక్టర్ జాన్ మాడెన్‌ని ఎంత తిట్టినా ఆ సీన్‌కి మాత్రం చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

ఇక మెంగెలే సంగతి. ఇది నా థియరీకి గుండెకాయ, ఫోన్ పక్కన పెట్టి వినండి. అంటే ఈ వీడియో ఫోన్‌లోనే చూస్తుంటారు కదా, సరే, చెయ్యి కదపకుండా వినండి. ఐక్‌మన్‌ని పట్టిన టీమే మెంగెలే కోసం కూడా అర్జెంటీనాలో వెతికింది, అప్పటికే పక్షి ఎగిరిపోయింది. 1962లో జ్వీ అహరోని అనే ఏజెంట్ బ్రెజిల్‌లో సావోపావ్లో దగ్గర ఒక తోట ప్రాంతంలో మెంగెలేలా ఉన్నవాణ్ణి చూశానని తర్వాత చెప్పాడు. పట్టుకోవాలి కదా? పట్టుకోలేదు. మొస్సాద్ అధిపతి ఇస్సర్ హారెల్ ఆ టైమ్‌లో మనుషుల్ని ఇంకో పని మీద పెట్టాడు. యోసెలె అనే పిల్లాణ్ణి తాతగారి మనుషులు దాచేశారు, దేశమంతా గొడవ, ఆ పిల్లాడు చివరికి న్యూయార్క్‌లో దొరికాడు. ఆ తర్వాత ఈజిప్టుకి రాకెట్లు తయారు చేస్తున్న జర్మన్ శాస్త్రవేత్తలు. 1963లో హారెల్ దిగిపోయాడు, మేయిర్ అమిత్ వచ్చాడు, పాత నాజీల వేట ఇంకా వెనక్కి పోయింది. 1977లో బేగిన్ ప్రధాని అయ్యాక మళ్ళీ వెతకమన్నారు. 1979 ఫిబ్రవరిలో మెంగెలే బ్రెజిల్ బెర్టియోగా బీచ్‌లో ఈత కొడుతూ మునిగి చచ్చాడు. వేరేవాడి పేరుతో పాతిపెట్టారు. 1985లో సమాధి తవ్వారు, 1992లో డీఎన్‌ఏతో తేల్చారు. ఎండలో, సముద్రంలో, ఎవరూ వేలు కూడా పెట్టకుండా పోయాడు.

ఇప్పుడు 1965 నాటి ఆఫీసులో కూర్చోండి. పాత నాజీల ఫైళ్ళు దుమ్ముకొడుతున్నాయి, డబ్బు లేదు, మనుషులు లేరు, చుట్టూ అరబ్ దేశాలతో తలనొప్పి. అప్పుడు ముగ్గురు కుర్రాళ్ళు వచ్చి, సార్, ఒక ఫైలు మూసేయొచ్చు, అన్నారు. ఆ ఆఫీసుకి ఇంతకన్నా పండగ ఉంటుందా? శవం ఏదని అడిగితే ఫైలు మళ్ళీ తెరుచుకుంటుంది. అందుకే అడగలేదు. స్టీఫన్ అబద్ధం అమ్మాడు, నిజమే. కొనడానికి కౌంటర్ తెరిచి కూర్చున్నది ఎవరు?

అదే 1965 ఫిబ్రవరిలో ఇంకొకటి జరిగింది. హెర్బర్ట్స్ త్సుకుర్స్ అని లాత్వియా వాడు, విమానాలు నడిపే హీరో, తర్వాత నాజీల తరఫున యూదుల్ని చంపిన గుంపులో ఉన్నాడు. బ్రెజిల్‌లో బోటు షికార్ల వ్యాపారం పెట్టుకున్నాడు. యాకోవ్ మైదాద్ అనే ఏజెంట్ ఆస్ట్రియా వ్యాపారి వేషంలో స్నేహం చేసి, ఉరుగ్వేకి రప్పించి, అక్కడ చంపించాడు. శవాన్ని ట్రంకులో పెట్టారు. పెట్టి ఊరుకోలేదు, మేమే చంపాం అని వార్తా సంస్థలకి కబురు పంపారు, కింద సంతకం “ఎన్నటికీ మరచిపోనివారు” అని. ఎందుకు? అదే సమయంలో పశ్చిమ జర్మనీలో నాజీ హత్యల మీద కేసులు పెట్టే గడువు ముగించాలా వద్దా అని చర్చ జరుగుతోంది. వార్త టైమ్‌కి రావాలి. నేను త్సుకుర్స్ కోసం కన్నీళ్ళు పెట్టమనడం లేదు, వాడికి ఆ ట్రంకు కూడా ఎక్కువే. ఆఫీసుకి మనిషి చావు ఎంత ముఖ్యమో, చావు వార్త అంత ముఖ్యం. సినిమాలో ముగ్గురూ ఇచ్చింది చావు వార్తే.

నన్ను నిజంగా కదిలించిన కేసు మాత్రం వేరే. 1954. అలెగ్జాండర్ ఇజ్రాయెల్ అనే సైనికాధికారి ఈజిప్టుకి రహస్యాలు అమ్మబోయాడని ఆరోపణ. యూరప్‌లో పట్టుకుని, మత్తిచ్చి, విమానంలో ఇజ్రాయెల్ తెస్తున్నారు, కోర్టులో నిలబెడదామని. దారిలో మత్తు ఎక్కువై చచ్చిపోయాడు. ఏం చేశారు? శవాన్ని విమానంలోంచి సముద్రంలో పడేశారు. భార్య గర్భిణి. ఆమెకి నిజం చెప్పలేదు. పుట్టిన కొడుకుకి నిజం తెలిసేసరికి దశాబ్దాలు గడిచిపోయాయి. ఆ విమానంలో మత్తు ఇచ్చిన డాక్టరే 1960లో ఐక్‌మన్‌కీ మత్తిచ్చాడని ఇజ్రాయెల్ జర్నలిస్టులు తర్వాత బయటపెట్టారు. ఆలోచించండి ఒక్కసారి. ఒకసారి మనిషి చేతిలో పోయాడు. ఆరేళ్ళకి పిలిచి, ఇంకోసారి సూది పట్టుకో, ఈసారి చచ్చిపోతే ప్రపంచం ముందు పరువు పోతుంది, అన్నారు. ఆయన వెళ్ళాడు, చేశాడు, మనిషి బతికే చేరాడు. దశాబ్దాల పాటు ఆయన పేరు కూడా బయటకి రాలేదు.

పాత మిషన్ వెంటాడే ఏజెంట్ కథ కావాలా? ఇదిగో, ఇది! సూది, అబద్ధం, సముద్రంలో శవం, ఎదురుచూసే భార్య. దీంట్లో స్టీఫన్ లాంటి విలన్ లేడు. ఎవడూ పదవి కోసం అబద్ధం చెప్పలేదు. పైనుంచి ఆర్డరు వచ్చింది, అందరూ మూసుకున్నారు. ‘ది డెట్’ చేసిన మోసం ఇక్కడే ఉందంటాను. ఒక ఆఫీసు మొత్తం చేసే పనిని ఒక్క స్టీఫన్ నెత్తిన పెట్టేసింది. ఆశపోతు, ఆడదాని మనసుతో ఆడుకున్నాడు, పైకెక్కాడు, ఇప్పుడు చక్రాల కుర్చీలో ఉన్నాడు. ప్రేక్షకుడికి తిట్టడానికి ఒక మొహం దొరికింది. ఇంటికెళ్ళి హాయిగా పడుకున్నాం.

మొహం అంటే గుర్తొచ్చింది, ఆ కాస్టింగ్ ఎవరిదండీ బాబూ? కుర్ర డేవిడ్ సామ్ వర్తింగ్‌టన్, కుర్ర స్టీఫన్ మార్టన్ చోకాష్. ముసలి డేవిడ్ కియరన్ హైండ్స్, ముసలి స్టీఫన్ టామ్ విల్కిన్‌సన్. ఎవడు ఎవడయ్యాడో తేలడానికి నాకు ఇంటర్వెల్ దాకా పట్టింది. మొహాలు చూస్తే అటుదిటు అయ్యాయేమో అనిపిస్తుంది. హెలెన్ మిర్రెన్ చెంప మీద మచ్చ ఉంది కాబట్టి రేచెల్ విషయంలో బతికిపోయాం. మగవాళ్ళకి కూడా తలా ఒక మచ్చ పెట్టుంటే పోయేది.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. లిల్లెహామర్. నార్వేలో చిన్న ఊరు. 1973 జూలై 21. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఇజ్రాయెల్ క్రీడాకారుల్ని చంపినందుకు ప్రతీకారంగా అలీ హసన్ సలామె అనే పెద్ద తలకాయని వెతుకుతున్నారు. దొరికాడనుకుని కాల్చేశారు. చచ్చింది అహ్మద్ బౌషికి అనే మొరాకో వెయిటర్. గర్భిణి అయిన భార్యతో సినిమా చూసి బస్సు దిగి ఇంటికి నడుస్తున్నాడు. ఆమె కళ్ళ ముందే జరిగింది. ఏజెంట్లు ఎలా దొరికారో తెలుసా? అద్దె కారు తిరిగి ఇవ్వడానికి ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళారు! హత్య తర్వాత పారిపోవడానికి వాడిన కారులోనే, అదే నంబర్ ప్లేటుతో. ఒకడికి ఇరుకు గదులంటే భయం. సెల్‌లో వేసేసరికి గడగడా మొత్తం చెప్పేశాడట. ఐదుగురికి శిక్ష పడింది. వాళ్ళలో సిల్వియా రాఫెల్ అనే ఏజెంట్ జైలు నుంచి వచ్చాక తన తరఫున వాదించిన నార్వే లాయర్‌నే పెళ్ళి చేసుకుంది. ఇది నేను స్క్రిప్ట్‌లో రాస్తే ఓవర్‌గా ఉంది తీసేయ్ అంటారు.

మరి ఆఫీసు? 1996లో బౌషికి కుటుంబానికి నష్టపరిహారం ఇచ్చింది. బాధ్యత మాత్రం ఒప్పుకోలేదు. డబ్బు తీసుకోండి, మేం చేశామని మాత్రం అనం. జైలుకెళ్ళింది ఏజెంట్లు, పేర్లు పేపర్లో పడ్డది ఏజెంట్లవి, ఆఫీసుకి మాత్రం మచ్చ లేదు. ఈ సంవత్సరం గుర్తుపెట్టుకోండి, 1996. ‘ది డెట్’లో రేచెల్ నిజం రాసేది 1997లో. ఆ సినిమా తీసినవాళ్ళకి ఈ విషయం తెలియదంటే నేను నమ్మను.

మనవాళ్ళు నవ్వుకోవక్కర్లేదు. మన దగ్గర 2021లో పెన్షన్ నిబంధనలు మార్చారు. ఇంటెలిజెన్స్, భద్రతా సంస్థల్లో పనిచేసి రిటైరైనవాళ్ళు ఆ సంస్థ గురించి ఏదైనా ప్రచురించాలంటే ముందు అనుమతి తీసుకోవాలి, లేదంటే పెన్షన్‌కే ఎసరు. సమాచార హక్కు చట్టంలో సెక్షన్ 24 ప్రకారం ‘రా’, ‘ఐబీ’ లాంటివి అవినీతి, మానవ హక్కుల ఆరోపణలు తప్ప మిగతా వాటికి జవాబు చెప్పక్కర్లేదు. రహస్యాలు ఉండొద్దని నేననడం లేదు, దేశం అన్నాక ఉంటాయి. కానీ మన తెలుగు స్పై సినిమాలు చూడండి. ఆఫీసు అంటే అద్దాల గోడలు, గోడంత స్క్రీన్లు, కోటేసుకున్న చీఫ్. ద్రోహి ఉంటే ఒక్కడే ఉంటాడు, క్లైమాక్స్‌లో వాణ్ణి కాల్చేస్తే ఆఫీసు కడిగిన ముత్యం. ‘ది డెట్’ని హాలీవుడ్ క్లాస్ అని మెచ్చుకుంటున్నాం గానీ, ఈ విషయంలో అది మన మాస్ సినిమానే.

ఇప్పుడు క్లైమాక్స్‌కి వద్దాం. కీవ్ ఆసుపత్రిలో రేచెల్ వెళ్ళేసరికి ఆ ముసలాడు వోగెల్ కాదు, మతిపోయినవాడు. పని లేదు, తిరిగి రావచ్చు. కానీ ఆమె నిజం మొత్తం కాగితం మీద రాసి, జర్నలిస్టుకి దొరికేలా పెడుతుంది. అప్పుడు అసలు వోగెల్ ఎదురవుతాడు, కత్తెరతో పొడుస్తాడు, ఈమె ముప్పై ఏళ్ళు ఆలస్యంగా సూది దించుతుంది. జనం ఈలలు వేసేది ఇక్కడ. నాకు మాత్రం ఆ ఫైట్ దండగ. డెబ్బై దాటినవాడితో, అరవై దరిదాపుల్లో ఉన్నామెకి ఆసుపత్రి గదిలో కుస్తీ! ఆ చీటీతో సినిమా ఆగాల్సింది. ఎందుకంటే వోగెల్‌ని నిజంగానే చంపించేసి డైరెక్టర్ ఆఫీసుకి ఇంకో గిఫ్ట్ ఇచ్చాడు. చూశారా, చివరికి చంపారు కదా, లెక్క సరిపోయింది కదా. ముప్పై ఏళ్ళ కిందటి రిపోర్టు కూడా నిజమైపోయింది, తేదీ ఒక్కటే తేడా!

రేచెల్ ద్రోహి అంటున్న అన్నలకి ఒకే మాట. ఆ చీటీ అచ్చయిన మర్నాడు ఏమవుతుందనుకుంటున్నారు? ఆఫీసు కూలిపోతుందా? లిల్లెహామర్ చూశారుగా. ఆ విషయంపై మేం వ్యాఖ్యానించం అంటుంది. కూతురి పుస్తకం షాపుల్లోంచి వెనక్కి వస్తుంది, రేచెల్ మొహం పేపర్లో పడుతుంది, స్టీఫన్ రాజీనామా చేస్తాడు. 1965లో ఆ రిపోర్టు మీద సంతకం పెట్టి ఫైలు మూసిన అధికారి ఎవరు? పేరు చెప్పండి చూద్దాం. సినిమాలో ఆ పాత్రకి పేరే లేదు! సినిమా మళ్ళీ పెట్టి వెతకండి, దొరికితే టైమ్ స్టాంప్‌తో సహా కామెంట్‌లో వేయండి, పిన్ చేస్తాను.

ఇది రీమేక్ అని మీకు తెలుసుగా? 2007లో అసాఫ్ బెర్న్‌స్టీన్ హీబ్రూలో తీసిన ‘హా హోవ్’ దీనికి మూలం, ముసలి రేచెల్‌గా గీలా అల్మగోర్. వచ్చే వీడియో దాని మీదే. ఇజ్రాయెల్ వాళ్ళే తీసుకున్న సినిమాలో ఆఫీసుని ఏమైనా అడిగారా, లేక అక్కడ కూడా స్టీఫన్ నెత్తినే రుద్దారా, అదొక్కటే చూద్దాం. స్టీఫన్ ఫ్యాన్స్ ఎవరైనా ఉంటే ముందే రెడీగా ఉండండి.